ముసలి నావికుల విశాఖపట్టణము

విశాఖపట్టణపు సముద్రతీరమున, రామకృష్ణా బీచి యొద్ద, ఇసుకమీద ఒక జలాంతర్గామి నిలిచియున్నది. దాని పేరు కుర్సురా. అది 1969 డిసెంబరు 18వ తేదీన సోవియట్ దేశపు రీగా రేవులో మన నౌకాదళమున చేరెను. 1971 యుద్ధములో తన వంతు పని చేసెను. 2001 ఫిబ్రవరి 27వ తేదీన కొలువు చాలించెను. మరుసటి సంవత్సరము దానిని ఒడ్డునకు లాగి, జనులు చూచుటకు తెరచిరి. 91 మీటర్ల పొడవుగల ఆ యినుప గొట్టములోనికి నేడు బడిపిల్లలు ఒక తట్టున ఎక్కి మరియొక తట్టున దిగుచుందురు. లోపల నిలువబడి, ఇది ఇంజను, ఇది వంటగది, ఇవి పడకలు అని చూపువారు నౌకాదళములో పనిచేసి విరమించిన పెద్దలు.

నేను వెళ్లిన దినమున అట్టి పెద్దాయన యొకరు ప్రతి ద్వారము యొద్దను "తల వంచండి బాబూ, తల వంచండి" అని చెప్పుచుండిరి. పిల్లల గుంపు దిగిపోయిన తరువాత ఆయనయు నేనును ఆ జలాంతర్గామి నీడలో కొంతసేపు నిలిచితిమి. రోడ్డు కావల ఎత్తైన మేడలు, హోటళ్లు, కార్ల వరుసలు. వాటివైపు గడ్డముతో చూపి ఆయన, "ఇది మా వైజాగ్ కాదండి" అనిరి.

ఈ మాట నాకు క్రొత్తది కాదు. 1950వ దశకము చివరను, నేను చిన్నవాడనై యుండగా, పాత పోస్టాఫీసు వైపు ఒక వృద్ధుడు అరుగుమీద కూర్చుండి వలత్రాటికి ముడులు వేయుచుండెడివాడు. ఆయన యౌవనమున పడవ టిండేలు, అనగా సరుకు పడవమీది పనివారికి పెద్ద. ఓడరేవు నుండి పెద్ద ఓడ కూత వినబడినప్పుడెల్ల ఆయన తల యెత్తకయే, "ఇది మన పట్నం కాదురా బాబూ, మన పట్నం ఎప్పుడో పోనాది" అనెడివాడు. ముసలివారి సణుగుడు గదా అని మేము నవ్వుకొని పోయెడివారము.

ఇద్దరు మనుష్యులు, నడుమ అరువది యేండ్లకు పైబడిన కాలము, మాట మాత్రము ఒక్కటే. అయితే వారిద్దరు పోగొట్టుకొన్న పట్టణములు రెండు వేరు పట్టణములు. అంతకంటె చిత్రమేమనగా, ఈ రెండవ పెద్దాయన ప్రేమించి తలచుకొనుచున్న ఆ రేవే, మొదటి వృద్ధుని రేవును మింగివేసినది. ఈ సంగతి గ్రహించిన తరువాత ముసలి నావికుల మాటలను నేను మునుపటివలె నవ్వి త్రోసివేయలేకపోతిని. వాటిని ఉన్నవున్నట్టు నమ్మను కూడ లేకపోతిని.

1933వ సంవత్సరమునకు ముందు విశాఖపట్టణములో రేవు ఉండెను గాని, ఓడ వచ్చి గట్టును ఆనుకొని నిలుచు ఓడరేవు లేదు. ఆవిరి ఓడలు గాని తెరచాప ఓడలు గాని తీరమునకు దూరముగా లంగరు దించి, బహిరంగ సముద్రములోనే నిలిచెడివి. వాటికి చాటు లేదు. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి సేనాని లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చి, ఇచ్చట లంగరు దించుకొనియున్న సెంచూరియన్ అను బ్రిటిషు నౌకమీద ఫిరంగులు పేల్చెను. పట్టణస్థులకు ఆ యుద్ధమంతయు ఒడ్డుననే కనబడియుండవలెను. మరుసటి సంవత్సరము, 1805లో, లండను మిషనరీ సంఘము వారైన క్రాన్, డిగ్రాంజి దొరలు తెలుగుదేశమునకు వచ్చి ఈ పట్టణమున దిగినప్పుడును ఇచ్చట ఓడ ఆనుకొను గట్టు లేదు.

అట్టి రేవులో ఓడకును నేలకును మధ్య తిరుగునది మసూలా పడవ. దానికి మేకు లేదు. పలకలకు బెజ్జములు వేసి కొబ్బరి పీచు త్రాటితో కుట్టుదురు. మేకులు కొట్టిన పడవ అలల తాకిడికి విరుగును. కుట్టిన పడవ ఒళ్లు వంచి అలకు దారి యిచ్చును. ఏ అలమీద పడవను ఒడ్డునకు వదలవలెనో, ఏ అలకు వెనుకకు తీయవలెనో తెలిసినవాడు టిండేలు. పెద్ద అలలు కొన్ని వరుసగా వచ్చి, వెనుక కొంత తెరపి ఇచ్చును. ఆ తెరపిని కనిపెట్టుటయే ఆయన విద్య. కరక్కాయలు, జనుము, నూనెగింజలు, 1892 మొదలుకొని ఈ జిల్లాలో త్రవ్వనారంభించిన మాంగనీసు రాయి, దొరలు, దొరసానులు, ఉత్తరముల సంచులు, అన్నియు ఆయన లెక్క మీదనే సముద్రమును దాటవలసియుండెను. గాలివాన సూచన కనబడినయెడల ఓడలు లంగరు పైకెత్తి దూర సముద్రములోనికి పారిపోవుచుండెను. పడవలను ఒడ్డునకు లాగి కట్టివేసెడివారు.

ఈ రేవుకు ఎదురుగా మూడు కొండలున్నవి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, మరియొకదానిమీద ఇషాక్ మదీనా దర్గా, మూడవదగు రాస్ కొండమీద కన్య మరియమ్మ దేవాలయము. దర్గాలోని ఫకీరు బంగాళాఖాతపు గాలులమీద అధికారము గలవాడని నావికులు నమ్మెడివారు. ఆ దారిని పోవు ఓడలు తమ జెండాను మూడు మారులు దించి యెత్తి సలాము చేసెడివనియు, ప్రయాణము క్షేమముగా ముగిసినప్పుడు హిందువులైన ఓడ యజమానులు చిన్న వెండి దోనెలను చేయించి ఆ దర్గాలో సమర్పించెడివారనియు 1907లో అచ్చయిన విశాఖపట్టణము జిల్లా గెజెటీరు చెప్పుచున్నది. సముద్రముమీద జీవించువాడు తనను తిరిగి యింటికి చేర్చినవాని మతము అడుగుట అరుదు.

మా పడవ టిండేలు "మన పట్నం" అనినది ఈ పట్టణమును గూర్చియే. అయితే అదియు మొదటిది కాదు. ఆయన తాతల కాలపు నావికులకు కోరంగి ఉండెను. గోదావరి పాయ ముఖద్వారమున ఓడలను కట్టిన, ఓడలను బాగుచేసిన ఊరది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని మరల లేవనియ్యలేదు. బర్మా దేశమునకు పోయిన తెలుగువారందరిని అచ్చటివారు కోరంగీలని పిలిచిరి. ఊరు మడ అడవులలో మరుగైన తరువాత, దాని పేరు సముద్రమున కావల పరాయివారి నోట చాలకాలము నిలిచెను.

ఇక 1933. డాల్ఫిన్ నోస్ కొండకును రాస్ కొండకును నడుమ ఉప్పుటేరు సముద్రములో కలియుచుండెను. దాని వెనుక బురద నేలలు, ఉప్పు కయ్యలు. ఆ బురదను యంత్రములతో త్రవ్వి లోపల ఓడలు నిలుచునంత లోతు చేసిరి. ఇది ఏల అవసరమాయెననగా, మధ్యరాష్ట్రముల మాంగనీసుకు కలకత్తా దూరము, బొంబాయి దూరము. రాయపూరు నుండి విజయనగరమునకు కొండల గుండ వేసిన రైలుదారి 1931లో పూర్తియాయెను. ఆ దారి చివరను రేవు లేనియెడల దారి వ్యర్థము. ఆ దారి లేనియెడల రేవు వ్యర్థము. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీ వారి జలదుర్గ అను ఓడ మొదటగా లోపలికి వచ్చెను. తెల్లవారి కంపెనీలు సముద్రమంతయు ఏలుచున్న కాలములో మొదటి మర్యాద దేశీయుల ఓడకు దక్కుటను మన పెద్దలు గర్వముతో చెప్పుకొనెడివారు. డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డను ప్రభువు వచ్చి దానిని లాంఛనముగా తెరచెను.

ఓడ గట్టును ఆనుకొన్న దినమున పడవతో పని లేకపోయెను. మేకులేని పడవను కుట్టు విద్య, అలలను లెక్కించు విద్య, అనేక తరముల కూడిక, కొన్ని మాసములలో పనికిరానిదైపోయెను. ప్రారంభోత్సవ ఫలకములమీద పడవవాని పేరు వ్రాయుట లోకములో వాడుక లేదు గదా. కొందరు రేవులో కళాసీలుగా చేరిరి, కొందరు వల పట్టిరి. మా వృద్ధుడు వల పట్టినవాడు.

అయితే ఆ క్రొత్త రేవు తన కాలములో మరియొక జాతి నావికులకు స్వస్థలమాయెను. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ గారు నౌకా నిర్మాణశాలకు పునాది వేసిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు వచ్చి బాంబులు వేయగా జనులు మూటలు కట్టుకొని పల్లెలకు పారిపోయిరి. ఆ కాలమున శత్రువుకొరకు ఫిరంగులు నిలిపిన చోటునే నేటికిని కోస్టల్ బ్యాటరీ అనుచున్నారు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నౌకాదళపు నావికులు సమ్మెకట్టినప్పుడు విశాఖలోని నావికులును వారితో చేరిరి. 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ గారు జల ఉష అను ఓడను నీటిలోనికి వదలిరి. స్వతంత్ర భారతమున కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ అదియే. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చెను. 1964 మొదలుకొని బర్మా నుండి వెళ్లగొట్టబడిన మనవారు ఓడలలో వచ్చి దిగిరి. కంచరపాలెము ప్రక్క బర్మా క్యాంపు ఆ పేరుతోనే నేటికిని ఉన్నది. 1968లో తూర్పు నౌకాదళ కమాండు ఏర్పడెను. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి, పాకిస్తాను వారి ఘాజీ అను జలాంతర్గామి ఈ రేవు ముందరనే మునిగెను. దీపములు ఆర్పిన ఆ రాత్రి పెద్ద చప్పుడు వినబడెనని చెప్పు ముసలివారు ఇంకను ఉన్నారు.

నేడు మనకు కనబడు వృద్ధ నావికుల పట్టణము ఇదియే, అనగా 1960 మొదలు 1980 వరకు నున్న విశాఖపట్టణము. వారిని అడిగి చూడుడు. వారు మొదట చెప్పునది సముద్రమును గూర్చి కాదు, నేలను గూర్చి. సరుకు ఓడ వచ్చినయెడల పది దినములు, ఒక్కొక్కప్పుడు పదునైదు దినములు గట్టునే ఉండెడిది. సంచులు, బేళ్లు, పెట్టెలు ఒక్కొక్కటిగా వలలో పెట్టి క్రేనుతో ఎత్తవలెను. వాన వచ్చినయెడల పని నిలిచెను. పండుగ వచ్చినయెడల నిలిచెను. ఆ ఆలస్యమంతయు నావికునికి సెలవు. సాయంకాలము గేటు దాటి నడచుకొని పాత ఊరిలోనికి పోవచ్చును. చాకలి, మంగలి, కుట్టుపనివాడు ఓడమీదికే వచ్చెడివారు. ఇంటికి ఉత్తరము వ్రాసిపెట్టువాడు ఉండెను. అప్పు ఇచ్చి, నావికుడు తిరిగి వచ్చుదాక పద్దులో వ్రాసియుంచు కిరాణా సెట్టి ఉండెను. ఒక గ్రీకు నావికుడు గాని, జపాను నావికుడు గాని, పూర్ణా మార్కెట్టులో అరటిపండ్లు బేరమాడుచుండుట వింత కాదు. డిసెంబరు 31వ తేదీ అర్ధరాత్రి రేవులోని ఓడలన్నియు ఒక్కసారి కూతలు కూయగా ఊరంతయు మేలుకొనెడిదని చెప్పునప్పుడు వారి కండ్లలో నీళ్లు తిరుగును.

నేను ఈ మాటలను అబద్ధమనను. అయితే సాక్షిని నమ్ముటకు ముందు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. ఆ పదునైదు దినములు ఓడ ఏల నిలిచెను? మనుష్యులు మోసిరి గనుక. మాంగనీసు రాయిని గంపలలో తలమీద మోసినవారిలో ఆడవారు అనేకులు. ఆ నల్లటి దుమ్ము వారి కొంగులలోను ఊపిరిలోను ఎంత చేరెనో నావికుని జ్ఞాపకములో లేదు. ఆయన అప్పుడు సినిమాహాలులో నుండెను. పూర్వపు ఆవిరి ఓడలలో బొగ్గు కొట్టిన మనవారికి తెల్ల నావికుని జీతములో మూడవ వంతో నాలుగవ వంతో ముట్టెడిది. ఇదియు సాయంకాలపు కథలలో వినబడదు. ముసలితనము జల్లెడ వంటిది; చేదు క్రిందికి జారిపోవును.

మల్కాపురములో ఒక విశ్రాంత నావికుని యింట నేను కూర్చుండగా, ఆయన గంటసేపు ఏడెను, సింగపూరు, వైజాగ్ అని వరుసగా చెప్పుచుండెను. ఆయన భార్య కాఫీ తెచ్చి బల్లమీద పెట్టి, ఎవరినో ఉద్దేశించినట్లు కాక, "ఆయనకి రేవు గుర్తొస్తాది. నాకు పోస్టుమ్యాను గుర్తొస్తాడు" అని లోపలికి పోయెను. ఆ తరువాత ఆయన కొంతసేపు మాటలాడలేదు. రేవు పట్టణపు చరిత్రలో సగము ఆమె వద్ద నున్నది. దానిని అడిగి వ్రాసికొనువారు తక్కువ. నేనును ఆ దినమున అడుగలేదు. రెండవ మారు వెళ్లునప్పటికి ఆమె లేదు. నా కాగితములలో ఆయన చెప్పిన ఓడల పేర్లు ఇరువది మూడు ఉన్నవి. ఆమెది ఆ ఒక్క వాక్యమే.

ఇక ఆ పట్టణము ఎట్లు పోయెను? దానిని ఎవరును పడగొట్టలేదు. బస్తరు కొండలలోని ఇనుప రాయి జపానుకు పోవలసివచ్చెను. దానికొరకు కిరండూలు నుండి రైలుదారి వేసిరి. లోపలి రేవు లోతు పెద్ద ఓడలకు చాలక, సముద్రములోనికే రాతి గట్లు వేసి బాహ్య ఓడరేవును కట్టిరి. అది 1976లో పనిచేయనారంభించెను. గంపల స్థానమున కదలెడి పట్టీలు వచ్చెను. లక్ష టన్నుల ఓడను ఆ పట్టీలు నింపుచుండగా నావికుడు బట్టలు మార్చుకొని గేటు చేరుదాక సమయము చాలదు.

రెండవ దెబ్బ దూరము నుండి వచ్చెను. 1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలోని నెవార్కు రేవు నుండి ఐడియల్ ఎక్స్ అను ఓడ 58 ఇనుప పెట్టెలతో హూస్టనునకు బయలుదేరెను. ఆ దినమున అది గొప్ప వార్త కాదు. కాని ఆ పెట్టెయే లోకమందలి పాత రేవులన్నిటిని మార్చివేసెను. లండను, లివర్పూలు రేవులలో తరతరములుగా మూటలు మోసినవారి వీధులు దానివలననే చల్లబడెను. విశాఖలో కంటెయినర్ల టెర్మినలు 2003లో తెరవబడెను. పది దినముల పని కొన్ని గంటల పని ఆయెను. ఓడ నాలుగింతలు పెద్దదాయెను. దానిమీద మనుష్యులు మాత్రము ఏబది మందికి మారుగా ఇరువది, ఇరువదియైదు మంది.

మూడవది గేటు. 2001లో అమెరికాలో జరిగిన దాడుల తరువాత, నౌకలకును రేవులకును అంతర్జాతీయ రక్షణ నియమములు చేసి 2004 జూలై 1వ తేదీ నుండి అమలులో పెట్టిరి. గోడలు ఎత్తు పెరిగెను. పాసు, పాసునకు పాసు. ఇప్పుడు పరదేశపు నావికుడు ఓడ దిగి ఊరిలోనికి వచ్చుట అరుదు. ఊరివాడు ఓడను చూడబోవుట అంతకంటె అరుదు. వైజాగ్ పిల్లలలో తమ తాత పనిచేసిన గట్టును కంటితో చూచినవారెందరు? ఈ నియమములు అనవసరమని నేను చెప్పజాలను. నావికుడు పోగొట్టుకొన్నది మాత్రము సరిగ్గా ఇచ్చటనే, ఈ గేటు యొద్దనే పోగొట్టుకొనెను. 1951లో లక్షకు కొంచెము పైబడిన జనము గల ఊరు 2011 నాటికి 17 లక్షలు దాటెను. అంత పెద్ద పట్టణమునకు ఓడ ఇప్పుడు ఇరుగుపొరుగు కాదు, తెర వెనుకనున్న యంత్రము.

వృద్ధులు మరియొక ఫిర్యాదు చేయుదురు. "మా కాలంలో బీచి ఇంత వెడల్పు ఉండేది" అని చేతులు చాచి చూపుదురు. ఇది నిజమే. దీని కారణము మాత్రము వారు చెప్పరు. ఈ తీరమున ఇసుక ఒక చోట నిలువదు. అలలతో కూడ సంవత్సరమంతటిలో మొత్తముమీద దక్షిణము నుండి ఉత్తరమునకు నడచుచుండును. 1933 రేవును కట్టినప్పుడే ఈ ఇసుక దారిని మూసివేయునని యెరిగి, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి రేవు నోటి యెదుట ముంచి అడ్డు కట్టిరి. తరువాత బాహ్య ఓడరేవు గట్లు మరింత ముందుకు పోయెను. దక్షిణపు ఇసుక అచ్చటనే నిలిచిపోగా ఉత్తరమున నున్న బీచి ఆకలిగొనుచున్నది. రేవు వారు ఆ ఇసుకను త్రవ్వి, గొట్టముల ద్వారా బీచిమీదికి తోడి పోయుచుందురు. అలలు దానిని మరల తీసికొనిపోవును. 2014 అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుపాను ఒక్క దినమున చెట్లను ఏమి చేసెనో అందరు చూచిరి. ఇసుకను మాత్రము మన రేవే దినదినము కోయుచు వచ్చినది. నావికుడు ప్రేమించిన రేవు, ఆయన ప్రేమించిన బీచిని తినినది. ఈ సంగతి కుర్సురా యొద్ద పెద్దాయనతో చెప్పితిని. ఆయన కొంచెము నొచ్చుకొని, "రేవు లేకపోతే ఊరే లేదు కదండీ" అనిరి. అదియు నిజమే. దానికి జవాబు నా యొద్ద లేదు.

కథ ముగియలేదు. విశాఖకు దక్షిణమున గంగవరములో 2009లో మరియొక ఓడరేవు తెరవబడెను. ఈ తీరమున మిగుల లోతైన రేవులలో అది యొకటి. దానికొరకు గంగవరము, దిబ్బపాలెము జాలరుల ఊళ్ల స్థలము తీసికొనబడెను. అచ్చటి పడవవారు తమ ఒడ్డు పోయినదని మొరపెట్టుకొనిరి. ముప్పది యేండ్ల తరువాత ఆ ఓడరేవులో క్రేను నడిపినవాడు పింఛను తీసికొని యింట కూర్చుండి, తన గంగవరమును తలచుకొని నిట్టూర్చును. అప్పుడు దిబ్బపాలెపు ముసలమ్మను ఎవరైన అడుగుదురో లేదో.

ఆ సాయంకాలము ప్రదర్శనశాల మూయు వేళ నేను తిరిగి వచ్చితిని. పెద్దాయన తాళములు అప్పగించి, ఇంటికి పోక, గట్టుమీద కూర్చుండి సముద్రమువైపు చూచుచుండిరి. నేను ప్రక్కన కూర్చుంటిని. డాల్ఫిన్ నోస్ మీద దీపస్తంభము వెలుగనారంభించెను. ఆవల, చీకటి పడుచున్న నీటిమీద, రేవులోనికి పిలుపు కొరకు ఎదురుచూచుచు ఓడలు లంగరు దించి నిలిచియుండెను. మా పడవ టిండేలు కాలములో నిలిచినట్లే, చాటు లేక, బహిరంగ సముద్రములో. అయితే నేడు వాటి యొద్దకు పండ్లు తీసికొనిపోవు పడవ లేదు. 2020లో మహమ్మారి కాలమున లోకమంతట నాలుగు లక్షలమంది నావికులు ఒప్పందపు గడువు ముగిసియు దిగుటకు ఏ రేవును ఒప్పుకొనక ఓడలమీదనే చిక్కుకొనిరి. ఆ దినములలోను తాను ఇచ్చటికే వచ్చి కూర్చుండి చూచెడివాడనని ఆయన చెప్పిరి.

"లోపలున్నవాడికి ఊరి దీపాలు బాగా కనబడతాయండి. బీచి రోడ్డు మొత్తం కనబడుతుంది. నేనూ చూశాను" అనిరి.

తరువాత వ్రేలితో ఓడలను లెక్కింప మొదలుపెట్టిరి. ఏడు అనిరి. నేను ఎనిమిది అంటిని. ఆయన కండ్లద్దములు తుడుచుకొని మరల చూచి, ఆ చివరిదానిలో దీపము ఇప్పుడే వెలిగించిరి అనిరి.